గుమ్మడికాయను కాల్చి వండుకుందాం

కోత పండుగ వేలంపాటలో ప్రతి ఏటా తక్కువ ధరకు పోయేది గుమ్మడికాయే. అరటి గెలకు, కోడిపుంజుకు పోటీ పడి పాడేవారు కూడా ఎనిమిది కిలోల గుమ్మడికాయ దగ్గరకు వచ్చేసరికి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పాడి ఇంటికి తీసుకువెళ్లినవారు దాన్ని మంచం కింద పెట్టి, నాలుగు రోజుల తరువాత ఓ.పి. వరండాలో నన్ను ఆపి, "ఇంత కాయ ఎవరు తింటారు మేట్రనమ్మా? పులుసు పెడితే ఒక పూటకే మొహం మొత్తింది" అంటారు.

ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ నెల ఈ వ్యాసం రాస్తున్నాను. గుమ్మడికాయను తీపిగా కాకుండా ఉప్పు, కారం, వెల్లుల్లి వేసి ఓవెన్‌లో గాని, మందపాటి మూకుడులో గాని కాల్చి వండే పద్ధతులు ఇందులో ఉన్నాయి. దానితోపాటు ఈ కాయ గురించి మన ఇళ్లలో ఉన్న భయాల గురించి కూడా చెప్పాలి. ఎందుకంటే ఆ భయాల వల్ల నష్టపోతున్నది మన వార్డుల్లో ఉన్న ఆపరేషన్ రోగులు, బాలింతలు, చిన్నపిల్లలు.

నేను నోరు విప్పని రోజులు

ఇది మా ఇంట్లోనే జరిగింది. 1994లో, నేను నర్సింగు శిక్షణ ముగించి ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా అమ్మగారికి గర్భసంచి ఆపరేషన్ అయ్యింది. ఇంటికి రాగానే మా పెద్దమ్మ పథ్యం మొదలుపెట్టింది. గుమ్మడికాయ పెడితే చీము పడుతుందని, వంకాయ పెడితే దురద వస్తుందని, పప్పు పెడితే కుట్లు పచ్చిగా ఉండిపోతాయని, గుడ్డు వేడి అని అన్నీ ఆపేసింది. అమ్మకు పెట్టినది మెత్తని అన్నం, మిరియాల చారు, వెల్లుల్లి కారం మాత్రమే. మూడు వారాలపాటు అదే.

గాయం మానడానికి మాంసకృత్తులు, విటమిన్ 'సి', విటమిన్ 'ఎ' కావాలని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అయినా పెద్దమ్మ ముందు మాట్లాడలేదు. "రెండు పుస్తకాలు చదివి నాకు చెబుతావా?" అంటుందని భయం. ఒకరోజు తెల్లవారుజామున అమ్మ బాత్రూముకు లేచి కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రికి తీసుకువెళితే కుట్ల దగ్గర చీము చుక్క కూడా లేదు. కానీ రక్తం బాగా తగ్గింది, బరువు తగ్గింది, గాయం ఆలస్యంగా మానుతోంది. డాక్టరమ్మగారు నా వైపు తిరిగి, "మీరు సిస్టరే కదా, ఇంట్లో ఏం పెడుతున్నారు?" అని అడిగారు. నేను తల దించుకున్నాను. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

అందుకే ఇప్పుడు వార్డులో మాట్లాడకుండా ఊరుకోను. "ఆపరేషన్ అయ్యాక కూరగాయలు మానిపించినవాళ్లు ఎవరు?" అని అడిగితే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లు, తోడు వచ్చిన అత్తగార్లందరూ టిఫిన్ క్యారియర్లు వెనక్కి జరుపుకుంటారు.

గాయంలో చీము పడేది సూక్ష్మక్రిముల వల్ల. షుగరు అదుపులో లేకపోవడం, డ్రెస్సింగ్ తడిసి అలాగే ఉండిపోవడం, చేతులు కడుక్కోకుండా గాయాన్ని ముట్టుకోవడం, పొగ తాగడం, సరైన తిండి లేకపోవడం ఇందుకు దారి తీస్తాయి. గుమ్మడికాయ తిన్నందువల్ల చీము పట్టదు. డాక్టరుగారు అన్నం తినవచ్చని చెప్పిన రోజునుండి, ప్రత్యేకంగా వద్దని చెబితే తప్ప, మెత్తగా వండిన గుమ్మడికాయ కూడా పెట్టవచ్చు.

ఏ గుమ్మడికాయ?

మన భాషలో రెండు వేరు వేరు కాయలకు గుమ్మడి అనే పేరు ఉంది. బూడిద గుమ్మడి వేరు. దానితో వడియాలు పెడతాం, గుమ్మానికి కడతారు. ఇక్కడ చెప్పేది లోపల నారింజ రంగు గుజ్జు ఉండే తీయగుమ్మడి. కొన్ని ఊళ్లలో మంచి గుమ్మడి అని, ఎర్ర గుమ్మడి అని కూడా అంటారు.

తీయగుమ్మడి పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికోలోని వాహాకా ప్రాంతంలో ఒక గుహలో దొరికిన గుమ్మడి గింజలు సుమారు 10,000 సంవత్సరాల నాటివి. 1492లో కొలంబస్ అక్కడికి చేరిన తరువాతే ఈ పంట సముద్రం దాటి మన దేశానికి వచ్చింది. మన ఊరి పాదుమీద కాసే కాయ కాబట్టి ఎప్పటినుండో మనదే అనుకుంటాం గాని, మిరపకాయ, టమాటా లాగా ఇది కూడా వలస వచ్చినదే.

నాతో కలిసి శిక్షణ పొందిన ఒక సిస్టరు ఇప్పుడు అమెరికాలో పనిచేస్తోంది. అక్కడ ఈ జాతి కాయలను 'వింటర్ స్క్వాష్' అంటారని చెప్పింది. చలికాలంలో పండుతాయని ఆ పేరు రాలేదు. పాదుమీదనే పూర్తిగా ముదిరి, తొక్క గట్టిపడిన తరువాత కోసి, చలికాలమంతా నిలవ ఉంచుకునే కాయలు కాబట్టి ఆ పేరు. అక్కడ అందరూ వాడే బటర్‌నట్ అనే పొడవాటి కాయ, మన గుమ్మడికాయల్లో చాలా రకాలు ఒకే జాతికి చెందినవి. దాని శాస్త్రీయ నామం కుకుర్బిటా మోస్కాటా. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన 'అర్క చందన్' రకం కూడా ఈ జాతిదే. అది రెండు మూడు కిలోల కాయ కాబట్టి చిన్న కుటుంబానికి సరిపోతుంది. అక్కడివారు ఈ కాయలను ఎక్కువగా ఓవెన్‌లో కాల్చి, ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి, మాంసం జతచేసి తింటారు. ఆ పద్ధతి మన కాయకు, మన మసాలాకు చక్కగా సరిపోతుంది.

ఇందులో ఏముంది?

పచ్చి గుమ్మడికాయ గుజ్జు 100 గ్రాములలో సుమారు 91 గ్రాములు నీరే. శక్తి 26 కేలరీలు, పిండిపదార్థం ఆరున్నర గ్రాములు, పొటాషియం 340 మిల్లీగ్రాములు, విటమిన్ 'సి' 9 మిల్లీగ్రాములు ఉంటాయి. ఉప్పులో ఉండే సోడియం దాదాపు లేదు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ నారింజ రంగు. ఆ రంగును ఇచ్చేది బీటా కెరోటిన్. 100 గ్రాములలో సుమారు 3 మిల్లీగ్రాములు ఉంటుంది. రంగు ముదిరే కొద్దీ ఇది ఎక్కువ, పాలిపోయిన కాయలో తక్కువ. మన శరీరం దీన్ని విటమిన్ 'ఎ'గా మార్చుకుంటుంది.

విటమిన్ 'ఎ' లోపిస్తే మొదట రేచీకటి వస్తుంది. చీకటి పడ్డాక బిడ్డ గడప తట్టుకుని పడుతుంటే తల్లి అల్లరి అనుకుంటుంది. లోపం ముదిరితే కంటి నల్లగుడ్డు మెత్తబడి చూపు పోవచ్చు. అందుకే మన దేశంలో 1970లో పిల్లలకు విటమిన్ 'ఎ' ద్రావణం పోసే కార్యక్రమం మొదలైంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధనలు దానికి తోడ్పడ్డాయి. 9వ నెలలో మొదటి మోతాదు, తరువాత ఐదేళ్లు నిండేవరకు ఆరు నెలలకొకటి చొప్పున మొత్తం 9 మోతాదులు. ఆ చుక్కలను మానకూడదు. కానీ చుక్కలు పోయించాం కదా అని ఇంటి తిండిని మరచిపోకూడదు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. బీటా కెరోటిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. నూనె చుక్క కూడా లేకుండా ఉడకబెట్టి తింటే ఒంటికి పట్టేది తక్కువ. మనిషికి ఒక టీస్పూను నూనె చాలు. కాల్చే వంటల్లో ముక్కలకు నూనె పట్టిస్తాం కాబట్టి ఆ పని దానంతట అదే జరుగుతుంది.

కాలిస్తే ఏమవుతుంది?

పులుసులో గుమ్మడికాయ నీళ్లలో ఉడుకుతుంది. నీళ్ల వేడి 100 డిగ్రీలు దాటదు. ముక్క మెత్తబడుతుంది గాని లోపలి నీరు అలాగే ఉంటుంది. ఓవెన్‌లో 200 డిగ్రీల పొడి వేడి తగులుతుంది. ముక్క పైభాగంలోని నీరు ఆవిరై, ఆ భాగం ఎర్రగా వేగి కమ్మని వాసన వస్తుంది. లోపల రుచి చిక్కబడుతుంది. అందుకే కాల్చిన ముక్కలో తక్కువ ఉప్పు వేసినా చప్పగా అనిపించదు. బి.పి. ఉన్నవారికి ఇది మేలు.

నీరు పోతుంది కాబట్టి ముక్క తియ్యగా అనిపిస్తుంది. అంతమాత్రాన పిండిపదార్థం పెరగదు. మీరు పళ్లెంలో ఎంత పచ్చి కాయ పెట్టారో అందులో ఉన్నంతే ఉంటుంది.

ఓవెన్ లేదు కదా?

మన కుటుంబాల్లో చాలామందికి ఓవెన్ అంటే క్రిస్మస్ కేకుకు అటకమీదనుంచి దించి, జనవరిలో మళ్లీ ఎక్కించేది. దాన్ని కిందనే ఉంచండి. లేనివారికి వేరే దారులున్నాయి.

1. మందపాటి మూకుడు. మన పెద్దలు దిబ్బరొట్టె కాల్చిన పద్ధతి ఇదే. అడుగు మందంగా ఉన్న ఇనుప మూకుడు, బిగువైన మూత, సన్నని సెగ. పూర్వం మూతమీద నిప్పులు పోసి పైనుంచి కూడా వేడి తగిలేటట్లు చేసేవారు. గ్యాసు పొయ్యిమీద అయితే మూకుడు కింద పాత పెనం పెట్టండి. అడుగు మాడదు.

2. ఊరి బేకరీ. క్రిస్మస్‌కు కేకు పిండి పట్టుకెళ్లి కాల్పించుకుంటాం కదా. రొట్టెల వాయి దిగాక పొయ్యి ఇంకా వేడిగా ఉంటుంది. తెలిసిన బేకరీ అయితే అడిగితే మన పళ్లెం కూడా పెడతారు.

3. మైక్రోవేవ్. మామూలు పద్ధతిలో అది ఉడికిస్తుంది గాని కాల్చదు. 'కన్వెక్షన్' ఉన్నదయితేనే కాల్చడానికి పనికివస్తుంది.

4. ఎయిర్ ఫ్రయ్యర్. 180 డిగ్రీలలో 15 నుంచి 20 నిమిషాలు. ముక్కలు కొద్దికొద్దిగా వేయాలి.

కాయను కోసేటప్పుడు జాగ్రత్త

గుమ్మడికాయ కోస్తూ అరచెయ్యి తెగి క్యాజువాలిటీకి వచ్చినవారిని నేను చాలామందిని చూశాను. కాయ గుండ్రంగా దొర్లుతుంది, తొక్క నున్నగా గట్టిగా ఉంటుంది, కత్తి జారుతుంది. కాబట్టి పలకమీద తడిగుడ్డ పరచి దానిమీద కాయను నిలపండి. తొడిమ దగ్గర కాకుండా పక్కన కత్తి దించండి. రెండో చెయ్యి ఎప్పుడూ కత్తి దారికి ఎదురుగా ఉండకూడదు. కాయ మరీ గట్టిగా ఉంటే, నాలుగైదు చోట్ల కత్తిమొనతో గుచ్చి, ఓవెన్‌లో 15 నిమిషాలు గాని, ఇడ్లీ పాత్రలో ఆవిరికి 10 నిమిషాలు గాని పెట్టి, చల్లారాక కోయండి. గుచ్చకుండా పెడితే లోపలి ఆవిరికి కాయ పగిలే ప్రమాదం ఉంది.

కొన్న కాయను తొడిమతో సహా, నేలకు తగలకుండా గాలి ఆడే చోట ఉంచితే రెండు మూడు నెలలు నిలవ ఉంటుంది. కోసిన తరువాత గింజలు, పీచు తీసి, ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడెయ్యాలి.

వండే ముందు చిన్న పచ్చి ముక్క నాలుకకు తగిలించి చూడండి. చేదుగా ఉంటే ఆ కాయ మొత్తం పారవేయండి. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం వల్ల వస్తుంది. వండినా, కాల్చినా అది పోదు. వాంతులు, నెత్తురు విరేచనాలు కావచ్చు. చేదు సొరకాయ రసం వల్ల ప్రాణాపాయం కలిగిన సంఘటనల తరువాత భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘం 2011లో ఇదే హెచ్చరిక చేసింది. డబ్బు పెట్టి కొన్నాం కదా అని బెల్లం వేసి సరిపెట్టకండి.

వంట 1: వెల్లుల్లి గుమ్మడి ముక్కలు (నలుగురికి)

కావలసినవి: చెక్కు, గింజలు తీసిన గుమ్మడి ముక్కలు ముప్పావు కిలో, నూనె 4 టీస్పూనులు, దంచిన వెల్లుల్లి 6 రెబ్బలు, జీలకర్ర పొడి 1 టీస్పూను, కారం అర టీస్పూను, పసుపు చిటికెడు, ఉప్పు అర టీస్పూను, నిమ్మకాయ అర చెక్క, కొత్తిమీర.

ఓవెన్‌ను 200 డిగ్రీలకు పెట్టి 10 నిమిషాలు ముందే వేడిచేయండి. అంగుళం ముక్కలుగా కోసి, బట్టతో తడి అద్ది, నిమ్మరసం, కొత్తిమీర, వెల్లుల్లి తప్ప మిగిలినవన్నీ పట్టించండి. పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా ఒకే వరుసగా పేర్చండి. గుట్టగా పోస్తే ముక్కల ఆవిరికే అవి ఉడికిపోతాయి, ఎర్రబడవు. 20 నిమిషాల తరువాత తిప్పి, వెల్లుల్లి చల్లి, మరో 10 నుంచి 15 నిమిషాలు కాల్చండి. వెల్లుల్లి ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది. దించాక నిమ్మరసం పిండి, కొత్తిమీర చల్లండి.

ఇందులో మనిషికి పడే ఉప్పు ముప్పావు గ్రాము మాత్రమే. రోజంతటికీ 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరగాయతో తినే అన్నంలో ఎంత ఉప్పు పోతుందో ఒకసారి ఆలోచించండి.

వంట 2: గుమ్మడి దిబ్బరొట్టె

కావలసినవి: మినపపప్పు 1 గ్లాసు, బియ్యపు రవ్వ 2 గ్లాసులు, గుమ్మడి తురుము 2 గ్లాసులు, ఉల్లిపాయ 1, పచ్చిమిర్చి 3, అల్లం చిన్న ముక్క, జీలకర్ర 1 టీస్పూను, ఉప్పు ముప్పావు టీస్పూను, నూనె 2 టేబుల్ స్పూనులు.

పప్పును నాలుగు గంటలు నానబెట్టి, తక్కువ నీళ్లతో గట్టిగా రుబ్బండి. కడిగి నానబెట్టి పిండిన రవ్వ కలిపి రెండు గంటలు ఉంచండి. గుమ్మడి తురుము నీరు వదులుతుంది కాబట్టి దాన్ని, ఉప్పును పొయ్యి వెలిగించే ముందే కలపాలి. ముందుగా కలిపితే పిండి పలచబడి రొట్టె సాగుతుంది.

మూకుడులో నూనె వేడిచేసి, పిండిని అంగుళంన్నర మందంగా పరచి, మూత పెట్టి సన్నని సెగమీద 20 నుంచి 25 నిమిషాలు కాల్చండి. అంచులు ఎర్రబడి మూకుడును వదలగానే తిరగవేసి మరో 10 నిమిషాలు ఉంచండి. ఓవెన్‌లో అయితే 180 డిగ్రీలలో సుమారు 45 నిమిషాలు. మధ్యలో చాకు గుచ్చితే పిండి అంటకుండా రావాలి.

వంట 3: గుడ్డు, గుమ్మడి కాల్పు

బాలింతలకు, బడిపిల్లలకు, ఆపరేషన్ నుంచి కోలుకుంటున్నవారికి నేను మొదట చెప్పేది ఇదే. రెండు గ్లాసుల గుమ్మడి తురుమును చేతితో పిండండి. పిండిన నీటిని చారులో పోసుకోండి. తురుములో 4 గుడ్లు, 2 టేబుల్ స్పూనుల శనగపిండి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కరివేపాకు, మిరియాల పొడి, పావు టీస్పూను ఉప్పు వేసి గిలకొట్టండి. నూనె రాసిన కేకు గిన్నెలో పోసి 180 డిగ్రీలలో 25 నుంచి 30 నిమిషాలు కాల్చండి. మూకుడులో అయితే మూతపెట్టి సన్నని సెగమీద 15 నిమిషాలు. మధ్యభాగం కూడా గట్టిపడాలి, పచ్చిగా వదలకూడదు. నాలుగు భాగాలు చేస్తే మనిషికి ఒక గుడ్డు వస్తుంది. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి.

వంట 4: కైమా నింపిన గుమ్మడికాయ

ఇది పండుగ భోజనానికి. కిలోన్నర ఉన్న చిన్న కాయ తీసుకోండి. తొడిమ చుట్టూ మూతలాగా కోసి, గింజలు, పీచు గరిటెతో తీయండి. లోపల కొంచెం నూనె, పసుపు, చిటికెడు ఉప్పు రాసి, మూతపెట్టి 190 డిగ్రీలలో అరగంట కాల్చండి. ఈలోగా పావుకిలో కైమాను ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, టమాటా, గరం మసాలాతో నీరు ఇగిరేవరకు పూర్తిగా ఉడికించండి. ఉడికిన శనగలు ఒక గ్లాసు కలపండి. దీన్ని కాయలో నింపి, మరో 40 నిమిషాలు, చాకు గోడలోకి సులువుగా దిగేవరకు కాల్చండి.

పచ్చి కైమాను నేరుగా నింపకూడదు. గుమ్మడి గోడ మందంగా ఉండటం వల్ల మధ్యకు వేడి ఆలస్యంగా చేరుతుంది, పచ్చిమాంసంలోని క్రిములు చావకపోవచ్చు. మాంసం తిననివారు శనగలు, పుట్టగొడుగులు నింపుకోవచ్చు. మిగిలితే రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు ఆవిర్లు వచ్చేవరకు వేడిచేసి తినండి.

గింజలు పారవేయకండి. కడిగి, ఆరబెట్టి, 150 డిగ్రీలలో 15 నుంచి 20 నిమిషాలు వేయిస్తే మాంసకృత్తులు, జింకు, మెగ్నీషియం ఉన్న చిరుతిండి అవుతుంది. ఐదేళ్లలోపు పిల్లలకు గింజలుగా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. పొడిచేసి అన్నంలో కలపండి.

మీరు అడిగే ప్రశ్నలు

*షుగరు ఉన్నవారు తినవచ్చా? తియ్యగా ఉంటుంది కదా?*

తినవచ్చు. నాలుకకు తీపి వేరు, లెక్క వేరు. గుమ్మడికాయలోని పిండిపదార్థం త్వరగా రక్తంలో కలిసేదే, కానీ ఉన్నది తక్కువ. 100 గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాములుంటే, 100 గ్రాముల పచ్చి గుమ్మడికాయలో ఆరున్నర గ్రాములే. గుమ్మడికాయ మానేసి ఆ ఆకలికి మరో గరిటెడు అన్నం పెట్టుకునేవారిని రోజూ చూస్తున్నాను. అలా కాకుండా ఒక గరిటెడు అన్నం తగ్గించి దాని చోట వెల్లుల్లి ముక్కలు ఒక కప్పు పెట్టుకోండి. బెల్లం వేసిన కూర, హల్వా మాత్రం వద్దు. దిబ్బరొట్టెలో రవ్వ ఉంది కాబట్టి దాన్ని అన్నానికి బదులుగానే ఒక ముక్క తినాలి, అన్నంతోపాటు కాదు.

*కిడ్నీ జబ్బు ఉన్నవారు?*

ఇందులో పొటాషియం ఉంది. కాలిస్తే అది పోదు, ముక్కలోనే ఉంటుంది. డయాలసిస్‌లో ఉన్నవారు, పొటాషియం ఎక్కువని చెప్పబడినవారు కాల్చిన గుమ్మడికాయ తినకండి. తినవచ్చో లేదో, ఎంత తినవచ్చో డాక్టరుగారిని అడగండి. వారు ఒప్పుకుంటే చిన్నముక్కలు ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి కొద్దిగా తినాలి.

*వాతం చేస్తుందంటారు?*

కొందరికి ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం చేయవచ్చు. అలాంటివారు కొద్దిగా తినండి, జీలకర్ర, అల్లం వేసుకోండి. కీళ్ల నొప్పులకు కారణం గుమ్మడికాయ కాదు.

*బిడ్డకు ఎప్పటినుండి పెట్టవచ్చు?*

ఆరు నెలలు నిండాక, తల్లిపాలతోపాటు. ఉప్పు, కారం లేకుండా ఆవిరిమీద ఉడికించి మెత్తగా మెదిపి, రెండు చుక్కల నెయ్యి వేసి పెట్టండి. కారపు కాల్పు వంటలు పెద్ద పిల్లలకే.

*రోజూ తింటే అరచేతులు పసుపుపచ్చగా అయ్యాయి, కామెర్లా?*

కళ్లలోని తెల్లగుడ్డు చూడండి. తెల్లగానే ఉంటే అది కెరోటిన్ రంగే కావచ్చు. కొన్నాళ్లు తగ్గిస్తే పోతుంది, హాని లేదు. కళ్లు కూడా పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి. పసరు కట్టు కోసం తిరగకండి.

చివరిగా

మా అమ్మగారు ఆ రోజు ఆసుపత్రిలో మంచంమీద కూర్చుని, "ఇక అన్నీ తినవచ్చమ్మా" అని డాక్టరమ్మగారు చెప్పగానే మొదట అడిగింది గుమ్మడికాయ కూరే. మూడు వారాలుగా మనసులో పెట్టుకుని ఎవరికీ చెప్పలేదట. ఇప్పుడు ఆమెకు పళ్లు లేవు. గుమ్మడి దిబ్బరొట్టె మెత్తగా ఉంటుందని, పైన మాడిన అంచు మాత్రం నాకు తీసి ఇచ్చి, తక్కినది తాను తింటుంది.

రోగికి కూడా నోరుంటుంది, కోరిక ఉంటుంది. పథ్యం పేరుతో ఏదైనా ఆపే ముందు వార్డు సిస్టరును ఒక్కమాట అడగండి. మేము చెప్పకపోతే మీరే మమ్మల్ని నిలదీసి అడగండి. అత్తగారి ముందు, పెద్దమ్మ ముందు మీకు నోరు రాకపోతే, వారిని నా గదికి తీసుకురండి. నేను మాట్లాడతాను.

వచ్చే కోత పండుగకు గుమ్మడికాయ పాట నాతోనే మొదలు.